మామయ్య మాట్లాడిన వానాకాలం

మా మామయ్య గొంతు నేను సరిగ్గా విన్నది పెళ్ళయిన రెండో ఏడు, వానాకాలంలో. అంతకు ముందు అసలు వినలేదని కాదు. "ఊఁ", "సరే", "ఉంచు" లాంటివి వినేదాన్ని. తలుపు కిర్రుమంటే ఇంట్లో ఎవరో ఉన్నారని తెలుస్తుంది చూడండి, ఆ మాత్రమే.

ఆయన గొడుగులు బాగుచేసేవారు. ఇంటి ముందుగదే కొట్టు. గోడ పొడుగునా మేకులకి వేలాడే గొడుగులు, బల్ల మీద ఊచలు, తీగ చుట్టలు, చిన్న పట్టకారు, నల్లదారం ఉండలు. కొట్టుకి బోర్డు లేదు. వీధిలో అందరూ "మూగ మేస్త్రి కొట్టు" అనేవాళ్ళు. ఎవరైనా గొడుగు తెచ్చి ఇలా అయింది, అలా అయింది అని మొదలెడితే ఈయన దాన్ని తెరిచి, ఒకసారి గుండ్రంగా తిప్పి, ఎక్కడ దెబ్బతిందో వేలితో చూపించేవారు. ఎప్పటికవుతుందో కూడా వేళ్ళతోనే. రెండు వేళ్ళంటే రెండు రోజులు. బేరమాడాలంటే ఇద్దరు మాట్లాడాలి కదా, అందుకని ఆయనతో ఒక్కరూ బేరమాడలేకపోయారు.

అత్తయ్య గోడకి ఇవతల, లోపలి గదిలో కిటికీ దగ్గర కూర్చుని బట్టల దుకాణం వాళ్ళ చొక్కాలకి గుండీలు కుట్టేది. ముప్ఫై నాలుగేళ్ళు ఆ ఇద్దరూ ఒకే గోడకి అటూ ఇటూ కూర్చుని బతికారు. పోట్లాటలు లేవు, అలకలు లేవు. "ఆయన మంచివాడే అమ్మాయ్, చెప్పుకోవడమే రాదు" అనేది అత్తయ్య అప్పుడప్పుడూ, నేను అడక్కుండానే.

మా ఆయన దూరం వెళ్ళే బస్సు నడిపేవాడు. మూడు రోజులు రోడ్డు మీద, ఒక రోజు ఇంట్లో. నేను వీధి చివర మందుల షాపులో ఫార్మసిస్టుని. షాపు యజమాని వేరే అయినా గోడకి అద్దంలో వేలాడే సర్టిఫికెట్టు నాదే. మందు పెట్టెలో పల్చటి కాగితం మడిచి పెడతారే, చీమ తలకాయంత అక్షరాలతో, దాన్ని మొదటినుంచి చివరిదాకా చదవడం నాకు అలవాటు. "వారపత్రికలో సీరియల్లా చదువుతుంది" అని మా ఆయన వెక్కిరించేవాడు.

ఆ ఏడు వానలు ముందే దిగాయి. జనం అటకల మీంచి, మంచాల కిందనించి పాత గొడుగులన్నీ బయటికి లాగారు. సగానికి సగం బూజు పట్టి, ముక్కిపోయినవి. మామయ్య కిటికీ మూసుకుని వాటిని దులిపి విప్పేవారు. తెరిస్తే జల్లు కొట్టి గుడ్డ పాడవుతుందని ఆయన బాధ. రెండు వారాలకి దగ్గు పట్టుకుంది. మూడో వారానికి పెరట్లో మూడు మెట్లు ఎక్కడానికి రెండుసార్లు ఆగుతున్నారు. నేనూ అత్తయ్యా బలవంతాన ఆసుపత్రికి తీసుకెళ్ళాం.

ఊపిరితిత్తుల డాక్టరమ్మ ఎక్స్‌రేని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసింది. "ఏం పని చేస్తారు?" అంది. ఆయన నా వైపు చూశారు. నేను చెప్పాను. ఆవిడ వంగి ఆయన చొక్కా చేతిని వాసన చూసింది.

"బూజే. ఈ ధూళి పీల్చి పీల్చి ఊపిరితిత్తులు వాచాయి. కిటికీలు తెరవండి, ముక్కుకి గుడ్డ కట్టుకోండి. ప్రస్తుతానికి ఈ మందు. పొద్దున ఏదైనా తిన్నాక ఎనిమిది బిళ్ళలు, ఒకేసారి." కలం పక్కన పెట్టి ఆయన కళ్ళలోకి చూసింది. "ఇది స్టెరాయిడ్. మంచిదే కానీ మొండిది. నేను చెప్పకుండా పెంచకూడదు, తగ్గించకూడదు. మానెయ్యడం అసలే కూడదు. మన ఒంట్లోనే ఇలాంటిది ఒకటి తయారవుతుంటుంది. బయటినుంచి వస్తోందనగానే ఒళ్ళు ఆ పని మానేసి కూర్చుంటుంది. ఉన్నట్టుండి బిళ్ళ ఆపేశారనుకోండి, ఇదీ లేక అదీ లేక మనిషి కూలబడిపోతాడు. అర్థమైందా?"

మామయ్య తలూపారు.

ఆ సాయంత్రం టీ తాగుతూ నేను కాగితం విప్పి పైకి చదివాను. ఆకలి పెరగడం, నిద్ర తగ్గడం, మొహం ఉబ్బడం, షుగర్ పెరగడం, కడుపులో పుండు, ఎముకలు బలహీనపడటం, కంట్లో శుక్లాలు. అత్తయ్య గుండీ కుట్టడం ఆపి వింటోంది.

"ఇన్ని అవలక్షణాలు పెళ్ళికొడుక్కుంటే గుమ్మంలోంచే పంపేసేవాళ్ళం" అంది.

"అందరికీ అన్నీ రావు అత్తయ్యా. ఏమొచ్చినా కనిపెట్టుకుని ఉండాలని రాస్తారు." ఇంకా కింద ఉంది, అదీ చదివాను. "మనసులో మార్పులు. చిరాకు, దిగులు, కారణం లేని సంతోషం, అతిగా మాట్లాడటం."

"కారణం లేని సంతోషమా? అది కూడా రోగంలోకే రాశారా?" అని నవ్వింది. మామయ్య టీ గ్లాసు పట్టుకుని కొట్టులోకి వెళ్ళిపోయారు.

దగ్గు నాలుగు రోజుల్లో సగానికి తగ్గింది. ఆరో రోజు పొద్దున నిద్ర లేచేసరికి వంటింట్లోంచి మగగొంతు వినిపించింది. మా ఆయన వచ్చేది మర్నాడు. రేడియో ఏమో అనుకుని వెళ్ళి చూస్తే, మామయ్య డబ్బా మీద కూర్చుని చేతులు తిప్పుతూ మాట్లాడుతున్నారు. అత్తయ్య పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

"నువ్వు మొదటిసారి మా కొట్టుకి తెచ్చిన గొడుగుకి ఏమైందనుకున్నావు? ఒకే ఒక్క ఊచ వంగింది. పది నిమిషాల పని. మూడు రోజులు పడుతుందన్నాను. మూడో రోజు నువ్వొస్తే పిడి వదులైంది, ఇంకో రెండు రోజులు ఆగమన్నాను."

"వదులైందనే కదా ఆగాను?"

"నేనే వదులు చేశాను."

అత్తయ్య కూరలో ఉప్పు వేసింది. అది రెండోసారి అని నాకు తర్వాత తిన్నప్పుడు తెలిసింది.

"ముప్ఫై నాలుగేళ్ళకా ఈ మాట చెప్పేది?" అంది చివరికి.

"చాలాసార్లు ఇక్కడిదాకా వచ్చేది" అంటూ ఆయన గొంతు మీద వేలు పెట్టుకున్నారు. "ఆగిపోయేది. ఇప్పుడేమో ఆపుదామన్నా ఆగట్లేదు."

ఆ ఏడు వానలు తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ ఇంట్లో మాటల చప్పుడే. కొట్టు కిటికీ తెరుచుకుంది. ముక్కుకి కట్టిన గుడ్డ వెనకనించే ఆయన ఒకటే కబుర్లు. గొడుగు ఇచ్చి వెళ్దామని వచ్చినవాళ్ళు వాన వెలిసినా కదిలేవాళ్ళు కాదు. ఏ గొడుగు ఏ గాలికి వెనక్కి తిరగబడిందో, ఎవరు తాతగారి గొడుగు గుడ్డ మూడుసార్లు మార్పించి కూడా అదే గొడుగని వాదించారో, అన్నీ నవ్వు పుట్టేలా చెప్పేవారు. ఇన్నేళ్ళూ ఆయన చెవులతోనే బతికారు కదా, వీధి మొత్తం ఆయన దగ్గర దాచి ఉంది. అత్తయ్య తన కుర్చీని గోడకి దగ్గరగా జరుపుకుంది. అద్దంలో చూసుకుని జడ వేసుకోవడం మొదలుపెట్టింది. ఒకరోజు గుండీలు కుడుతూ ఏదో కూనిరాగం తీస్తోంది. నన్ను చూసి ఆపేసింది.

మా ఆయన ఇంటికొచ్చిన రోజు భోజనాల దగ్గర మామయ్య అన్నారు: "నీ బస్సు వచ్చే రోజు నాలుగింటికల్లా మూల మీదికెళ్ళి నిలబడేవాణ్ణి. బస్సు మలుపు తిరిగిందని చూసుకుని వచ్చేసేవాణ్ణి."

"నాకెప్పుడూ కనపడలేదే నాన్నా?"

"కనపడేలా నిలబడితే నువ్వేమనుకుంటావు?"

మా ఆయన చెయ్యి కడుక్కొస్తానని లేచాడు. చాలాసేపు కుళాయి నీళ్ళు పోతూనే ఉన్నాయి.

ఇదంతా ఎక్కణ్ణుంచి వస్తోందో నాకు తెలుసు. తెలిసీ వారం రోజులు ఊరుకున్నాను. కానీ రెండో వైపు కూడా కనిపించసాగింది. తెల్లవారకముందే లేచి సుత్తి పట్టుకునేవారు. రోజుకి అయిదుసార్లు తినేవారు. మొహం గుండ్రంగా ఉబ్బింది. వేలు పొడిచి చూస్తే షుగర్ ఎప్పుడూ లేనంత. ఒకరోజు దారం రంగు తేడా వచ్చిందని పట్టకారు గోడకేసి కొట్టారు. గోడకి అవతల అత్తయ్య ఉలిక్కిపడింది. మరుక్షణమే ఆయన, ఎదురుగా గొడుగు తెచ్చిన మనిషి ఉన్నాడని కూడా చూడకుండా, ఏడ్చారు. ఇంకోరోజు నేను షాపు నుంచి వచ్చేసరికి చినుకుల్లో నిచ్చెన వేసుకుని ఇంటి కప్పు మీద ఉన్నారు.

"ఇక్కణ్ణుంచి ఎదురింటి దాకా ఒకటే గొడుగు అమ్మాయ్! వీధి మొత్తానికి! ఎవరూ తడవక్కర్లేదు!"

"దిగి చెప్పండి మామయ్యా, బాగా వినపడట్లేదు" అని దింపేసరికి నా ప్రాణం పోయినంత పనయింది.

వెంటనే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ అంతా విని కొత్త ఎక్స్‌రే చూసింది. "లోపల దాదాపు శుభ్రపడింది. ఇక తగ్గిద్దాం. వారం వారం కొన్ని చొప్పున, మెల్లగా. మనసు కూడా దాంతోపాటే సర్దుకుంటుంది" అంది. ఆ ఆఖరి మాటకి అత్తయ్య తల వంచుకోవడం నేను చూశాను.

ఎనిమిది ఆరయ్యాయి. ఆరు అయిదయ్యాయి. షుగర్ దిగింది, నిద్ర కుదిరింది. మాటలు కూడా పల్చబడ్డాయి. మొదట కథలు కురచయ్యాయి. తర్వాత అడిగితేనే చెప్పడం. నాలుగు బిళ్ళలకి వచ్చేసరికి ఒకోసారి నోరు తెరిచి, ఏదో వెతుక్కున్నట్టు ఆగి, మళ్ళీ ఊచ మీదికి వంగేవారు.

ఒక మధ్యాహ్నం అత్తయ్య షాపుకి వచ్చింది. నేను ఉద్యోగంలో చేరాక ఆవిడ ఆ మెట్లెక్కడం అదే మొదలు. గొడుగు ముడిచి, కౌంటరు ముందు మనుషులు వెళ్ళేదాకా బల్ల మీద కూర్చుంది. తర్వాత దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అంది:

"ఆ బిళ్ళలు ఇంకో నెలకి ఇవ్వు. ఎనిమిదేం వద్దు, ఆరు చాలు. డాక్టరమ్మకి చెప్పకు."

"అత్తయ్యా, అది తప్పు. ఆయన షుగర్ చూశారుగా. ఇంకా వాడితే ఎముకలు, కళ్ళు..."

"విన్నాను. నువ్వు చదివిందంతా విన్నాను." కౌంటరు అద్దం మీద వేలితో గీత గీస్తూ ఆగింది. "ఆ కాగితంలో మందు వేసుకునేవాళ్ళ గురించి రాశారు. పక్కన బతికేవాళ్ళ గురించి ఏమైనా రాశారా? మందు ఆగిపోయాక వాళ్ళకేమవుతుందో?"

నా చెయ్యి వెనక సొరుగు దాకా వెళ్ళిన మాట నిజం. ఆ సొరుగులో ఆ బిళ్ళలు ఎన్ని వరసలున్నాయో కూడా నాకు తెలుసు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"లేదత్తయ్యా. రాయలేదు. నేను ఇవ్వలేను."

"సరే" అంది. అచ్చం మామయ్యలాగే. గొడుగు తెరుచుకుని వానలోకి దిగిపోయింది. కోపం లేదు. అది ఉన్నా బాగుండేది.

షాపు యజమాని పక్కగదిలోంచి వచ్చి "ఏంటమ్మా, అలా ఉన్నావు?" అన్నారు. నాకు మనసాగలేదు. "ఏముందండీ, మా మామయ్య కబుర్లన్నీ మందు ప్రభావమే. బిళ్ళలు తగ్గుతుంటే మాటలూ తగ్గుతున్నాయి. అత్తయ్య తట్టుకోలేకపోతోంది" అన్నాను. అప్పుడే లోపలికొచ్చి దగ్గుమందు కోసం నిలబడ్డ మా వీధి రొట్టెల కొట్టాయనని చూసుకోలేదు. ఒకరి మందు సంగతి ఇంకొకరి చెవిన పడనివ్వకూడదన్నది నా చదువులో నేర్పిన మొదటి పాఠాల్లో ఒకటి. నోరు జారాక గుర్తొచ్చింది.

మర్నాడు రొట్టెల కొట్టాయన గొడుగు తీసుకోవడానికి వచ్చి, సరదాకే, పెద్దగా అన్నాడట: "ఏం మేస్త్రీ, ఈ ముచ్చట్లన్నీ బిళ్ళలవేనట కదా? అవి అయిపోతే మళ్ళీ మూగేనా?"

మామయ్య గొడుగు ముడిచి చేతికిచ్చారు. గోడకి ఇవతల అత్తయ్య కూడా ఆ మాట వింది. ఆ సాయంత్రం నేను వచ్చేసరికి ఆవిడ కుర్చీ మళ్ళీ కిటికీ దగ్గర ఉంది. ఇద్దరికీ ఏమైందో నాకు అప్పటికి తెలియదు. అడిగితే ఎవరూ చెప్పలేదు.

నాలుగో రోజు పొద్దున మామయ్య మంచం మీంచి లేవలేదు. లేపి కూర్చోబెడితే కళ్ళు తిరిగి పక్కకి ఒరిగారు. రాత్రి నుంచి రెండు వాంతులయ్యాయట. ఒళ్ళు చల్లగా, మొహం పాలిపోయి ఉంది. నేను పరుగున వెళ్ళి బల్ల మీద మందుల పెట్టె చూశాను. ఆ రోజుకి ఎన్ని ఉండాలో అన్నే ఉన్నాయి. ఎందుకో చెయ్యి తగిలి పక్కనున్న చిన్న రేకు డబ్బా ఒరిగింది. ఊచల చివర తొడిగే టోపీల మధ్యలోంచి తెల్లటి బిళ్ళలు దొర్లాయి.

"మామయ్యా, ఎన్ని రోజులైంది మానేసి?"

ఆయన దుప్పటి మీంచి మూడు వేళ్ళు ఎత్తారు.

ఆసుపత్రిలో చక్రాల మంచం పక్కన పరిగెడుతూ, అక్కడి డాక్టరుకి మందు పేరు, ఎన్ని వారాలు వాడారు, ఎంత మోతాదు, ఎప్పుడు ఆపారు అన్నీ ఒక్క గుక్కలో చెప్పాను. అతను ఇంక ప్రశ్నలు వెయ్యలేదు. సెలైన్ పెట్టి, అదే జాతి మందు ఇంజక్షన్ ఇచ్చారు. "మీరు చెప్పకపోతే మేం కడుపు జబ్బనుకుని వెతుక్కునేవాళ్ళం" అన్నాడు తర్వాత. మధ్యాహ్నానికి మొహంలో రంగొచ్చింది. సాయంత్రానికి కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టారు. రొట్టెల కొట్టాయన అన్న మాట అప్పుడు నాకు చెప్పి, అత్తయ్య బట్టలు తేవడానికి ఇంటికెళ్ళింది.

నేను మంచం పక్కన కూర్చున్నాను. ఆయన చెయ్యి పట్టుకునేంత చనువు అప్పటిదాకా లేదు. పట్టుకున్నాను.

"తప్పు నాది మామయ్యా. షాపులో నోరు జారింది నేనే. రొట్టెల కొట్టాయన విన్నాడు."

"నిజమే చెప్పావు. బిళ్ళ వల్లే కదా" అన్నారు. ఒక్కో మాటా బరువు ఎత్తినట్టు వస్తోంది. "వేసుకుని మాట్లాడితే బిళ్ళ మాటలంటారు. మానేసి మాట్లాడి చూపిద్దామనుకున్నా. రాలేదు."

నాకు ఏడుపొచ్చింది.

"ఆ కాగితంలో అబద్ధాలాడతారని ఉందా?" అన్నారు ఉన్నట్టుండి.

"లేదు మామయ్యా. ఎక్కువ మాట్లాడతారని ఉంది. అబద్ధాలని ఎక్కడా లేదు."

"నేను చెప్పినవన్నీ నిజాలే. ఆ గొడుగు. మూల మీద నిలబడటం. అన్నీ." ఊపిరి తీసుకున్నారు. "మీ అత్త బిళ్ళ మాటలనుకుంటోంది. నా మొహం చూడట్లేదు. నువ్వు చెప్పు తనకి."

"నేను చెప్పను. మీరే చెప్పండి."

"రాదమ్మాయ్."

"ఎంతసేపైనా పట్టనివ్వండి. ఆవిడ ముప్ఫై నాలుగేళ్ళు ఆగారు. ఇంకో గంట ఆగలేరా?"

అప్పుడే అత్తయ్య సంచీతో గుమ్మంలోకి వచ్చింది. నేను మంచినీళ్ళ సీసా తీసుకుని లేచాను. అది నిండుగానే ఉంది. అయినా కిందికి దిగి, కుళాయి దగ్గర ఒలకబోసి, మళ్ళీ నింపాను. నా ముందు ఎవరూ లేకపోయినా వరసలో నిలబడ్డట్టు నిలబడ్డాను. పైకి వచ్చేసరికి అత్తయ్య తడిగుడ్డతో ఆయన మొహం తుడుస్తోంది. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది.

బిళ్ళలు ఈసారి ఇంకా మెల్లగా, రెండు నెలల పాటు తగ్గించారు. రోజూ పొద్దున నేనే ఎదురుగా కూర్చుని వేయించేదాన్ని. షాపులో మాత్రం ఆ తర్వాత ఏ మనిషి మందు గురించీ ఎవరి దగ్గరా నోరు విప్పలేదు, ఈ రోజు దాకా. వానలు వెళ్ళిపోయాయి. ఆఖరి బిళ్ళ వేసుకునే నాటికి మామయ్య మళ్ళీ వేళ్ళతోనే రోజులు చెబుతున్నారు. వీధిలో వాళ్ళు కొన్నాళ్ళు కొట్టు ముందు ఆగి చూసి, అలవాటు పడిపోయారు.

అత్తయ్య మాత్రం గుండీల బుట్టతో సహా కొట్టులోకి మారిపోయింది. గోడకి అవతల కాదు, ఆయన బల్లకి ఎదురుగానే కుర్చీ వేసుకుంది. ఇప్పుడు కబుర్లు చెప్పేది ఆవిడ. ఆయన తల వంచుకుని ఊచలు వంచుతూ వినేవారు. ఎక్కడో ఒకచోట "కాదు, అది మంగళవారం" అని సరిదిద్దేవారు. ఆవిడ "ఆ, మంగళవారమే" అని ముందుకెళ్ళేది. పదకొండేళ్ళు అలాగే సాగింది, ఆయన పోయేదాకా.

ఆయన పోయిన మరుసటేడు, నేనూ అత్తయ్యా ఉతికిన దుప్పట్లు మడతపెడుతున్నాం. చెరో చివరా పట్టుకుని దగ్గరికొచ్చినప్పుడు, ఇన్నేళ్ళూ అడగలేనిది అడిగేశాను.

"ఆ రోజు ఆసుపత్రిలో, నేను నీళ్ళకి వెళ్ళినప్పుడు, మామయ్య మీతో ఏమన్నారు?"

అత్తయ్య దుప్పటి చివర నా చేతిలోంచి తీసుకుంది. పెదవుల చివర నవ్వొచ్చింది, దాన్ని ఆపుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

"మూడు మాటలన్నారు" అంది. "లెక్క నీకు చెబుతాను అమ్మాయ్. మాటలు మాత్రం నావి."